ఇంకో అర చుట్టు

ఆగస్టు 4, సోమవారం

మా అబ్బాయి అల్తాఫ్ వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి వాళ్ళ నాన్న గది తలుపుకి బయటివైపు గడియ పెట్టించాడు. నాతో ఒక మాట అనలేదు. నేను వంటింట్లోనే ఉన్నాను, బయటికి రాలేదు.

స్క్రూలు దిగుతున్నంతసేపూ ఆయన మంచం మీద కూర్చుని విన్నాడు. "కర్ర మెత్తబడిందిరా. పట్టదు," అన్నాడు. ఆ గడియ ఎవరి కోసమో అడగలేదు.

నిన్న జరిగింది కూడా రాయాలి. అల్తాఫ్ టీకి వెళ్ళిన పది నిమిషాల్లో ఆయన మా మెకానిక్ షెడ్డులో ఎవరిదో ట్రాక్టరు డీజిల్ పంపు విప్పి, ముక్కలన్నీ తొట్టిలో వేసి, చేతులు తుడుచుకుని కూర్చున్నాడట. బాగున్న పంపు. టైరులో గాలి పెట్టించుకోవడానికి వచ్చిన బండి. దాని ఆసామి నరసరావుపేట సగం వినేలా అరిచాడు. అల్తాఫ్ దాన్ని మళ్ళీ బిగించేసరికి పొద్దు వాలింది. ఆ కోపంలోనే షెడ్డులో ఆయన కూర్చునే సీటుని వాడు విప్పేశాడు.

అది ఏదో పాత ట్రాక్టరు సీటు. సిమెంటు దిమ్మె మీద నాలుగు బోల్టులతో ఆయనే బిగించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు దాని మీద కూర్చునే పల్నాడు రోడ్డున పోయే ప్రతి ఇంజనూ విన్నాడు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీలో రిజిస్టర్లు రాశాను. అవి ఎవరో ఒకరు వచ్చి చూడటానికి. ఇది ఎవరూ చూడక్కర్లేదు.

గడియ పెట్టుకోనీ. వేయాల్సింది నేను.

ఆగస్టు 7, గురువారం

ఆసుపత్రి. మతిమరుపు జబ్బు వాళ్ళని గురువారాలు విడిగా చూస్తున్నారు. డాక్టరు ఆయన్ని ఇవాళ ఏ వారమని అడిగాడు. "మీకు తెలియదా?" అన్నాడు ఆయన, జాలిగా.

తర్వాత కృపావరం అనే నర్సు మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టింది. నలభై ఉంటాయి. తొందర లేని మనిషి. ఒక ట్యాబ్ ఇచ్చింది. మూడు నెలలు ఉంచుకుని తిరిగి ఇవ్వాలి. అందులో ఒక యాప్ ఉంది, రోజూ అరగంట ఆయన చేత ఏదో ఒకటి చేయించాలి.

"అమ్మా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆయన చెప్పింది తప్పా ఒప్పా చూడొద్దు. కూర్చున్నారా, చేతులు కదిలినయ్యా, మొహం ఎట్టుంది. ఈ మూడే నొక్కండి."

తల ఊపాను. ఊరి పిల్లల బరువులన్నీ ఫోనులో ఎక్కించిన దాన్ని, నాకు ట్యాబ్ నొక్కడం గురించి చెప్పాలా.

ఆగస్టు 9, శనివారం

ట్యాబ్‌లో ఆపిల్ బొమ్మ వచ్చింది. ఒక ఆడగొంతు "ఇది ఏమిటి?" అని సాగదీసి అడుగుతుంది. తర్వాత ఏనుగు. తర్వాత గొడుగు. ఈ బొమ్మలే నేను మూడేళ్ళ పిల్లలకి చూపించాను. ఆయన మూడేళ్ళవాడు కాదు. రాజస్థాన్ నుంచి వచ్చిన బోరు బండిని చూడకుండా, చప్పుడు విని బాగుచేసిన మేస్త్రి.

ఆయన ట్యాబ్‌ని తిప్పి వెనక చూశాడు. చేత్తో బరువు చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. అది జేబులో లేకపోతే అన్నం ముట్టడు, అందుకని ఉండనిచ్చాం. దాని మొన ట్యాబ్ అద్దం మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఇంజన్లనీ అలాగే వింటాడు. లోపల ఎక్కడ కొడుతున్నదీ ఇనుములోంచి పిడిలోకి వస్తుందంటాడు.

ఆడగొంతు మళ్ళీ అడిగింది. ఆయన చాలాసేపు విన్నాడు.

"లోపల ఏం తిరగట్లేదు," అన్నాడు.

ఇంకొంచెం నొక్కి చూశాడు. అద్దం పగిలింది.

కోడలు ఫర్హీన్ తలుపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వు ఆగలేదు. మమ్మల్ని చూసి ఆయనా నవ్వాడు. మొహం గడిలో నవ్వే బొమ్మ నొక్కాను. అద్దం సంగతి రాయడానికి గడి లేదు.

ఆగస్టు 10

పగులు మీద టేపు అంటించాను.

ఆగస్టు 12, మంగళవారం

ఆయన అన్నది సరే. లోపల తిరిగేదేదో ఉండాలి.

ఫోనులో వెతికితే ఆయిల్ ఇంజన్ల వీడియోలు బోలెడు ఉన్నాయి. ఒకటి వినిపించాను. ఎవరో ఉత్తరాది మనిషి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తున్నాడు. ఆయన రెండు నిమిషాలు విని, "వీడెవడో మనోడు కాదు. హ్యాండిల్ వదిలేది తెలియదు," అని ఫోను పక్కన పెట్టేశాడు.

కానీ విన్నాడు. రెండు నిమిషాలు ఒక్కచోట కూర్చుని విన్నాడు.

ఆగస్టు 14, గురువారం

యల్లమంద వచ్చాడు. బెల్లంకొండ రైతు. వాగు పక్కన మిరప వేస్తాడు, వాగులోంచి ఆయిల్ ఇంజనుతో నీళ్ళు తోడతాడు. పాతికేళ్ళుగా ఆ ఇంజను మీద ఆయన చేయి తప్ప ఇంకొకరి చేయి పడనివ్వలేదు. షెడ్డులో సీటు లేకపోవడం చూసి ఇంటికి వచ్చానన్నాడు.

ఆయన గుర్తుపట్టలేదు. యల్లమంద దాన్ని పట్టించుకోకుండా పక్కన కూర్చుని మిరప నారు గురించి చెప్పాడు. వెళ్ళేటప్పుడు అడిగాను, నీ ఇంజను ఆడుతున్నప్పుడు చప్పుడు రికార్డు చేసి పంపుతావా అని.

"ఇంజను చప్పుడా? ఎందుకక్కా, పాట కట్టిస్తావా?"

ఎందుకో చెప్పాను. తల గోక్కుని, పంపుతానన్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

పెరట్లో ఒక ఇంజను డొక్కు పడి ఉంది. పిస్టన్, రాడ్, గేర్లు అన్నీ ఎప్పుడో పీకేసి వాడుకున్నారు, ఉత్త ఇనుప గుల్ల. ఫర్హీనూ నేనూ దాన్ని వరండాలోకి దొర్లించాం. ఫర్హీన్ తన బ్లూటూత్ స్పీకరు ఇచ్చింది. దాన్ని డొక్కు లోపల గుడ్డ మీద పెట్టి, ఫోనులో యల్లమంద పంపిన చప్పుడు పెట్టాను.

ఆయన గదిలోంచి వచ్చాడు. వంగి చూశాడు. పీట లాక్కుని కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ మొన ఇనుము మీద, పిడి చెవికి. పైన ఒకచోట, కింద ఒకచోట, పక్కన ఒకచోట. నలభై నిమిషాలు. చప్పుడు అయిపోయినప్పుడల్లా మళ్ళీ పెట్టాను.

"వాగు ఒడ్డున ఉందే ఇది," అన్నాడు నాతో. "నీళ్ళు దగ్గర్లోనే ఉన్నయి. బరువు లేదు."

ఇంజను వాగు ఒడ్డునే ఉంది. నేను చెప్పలేదు.

మధ్యాహ్నం నన్ను నా పేరుతో, జమీలా అని పిలిచాడు. ఫర్హీన్‌నీ అలాగే పిలిచాడట. అది వేరు.

ఆగస్టు 18

అల్తాఫ్ డొక్కు చూశాడు. "ఉత్త గుల్లలో చప్పుడు పెట్టి ఆయన్ని మోసం చేస్తన్నావమ్మా," అన్నాడు.

"నువ్వు పెట్టిన గడియ కంటే మోసమా?"

బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పగలు ఇంట్లో ఉండగా గడియ వేస్తున్నానా అని ఫర్హీన్‌ని ఫోనులో అడిగాడట. వేస్తోంది అని చెప్పిందట. నేను చెప్పమనలేదు.

ఆగస్టు 23, శనివారం

ఇది వివరంగా రాస్తాను.

యల్లమంద ఇంజను నల్లగా పొగ పోస్తోందట. బెల్లంకొండలో ఒక మెకానిక్ చూసి రింగులు పోయాయి, మొత్తం విప్పాలన్నాడట. యల్లమంద చప్పుడు పంపాడు. ఆయన చెవికి పిడి పెట్టుకుని రెండుసార్లు విన్నాడు.

"నాజిల్ కారతంది. అది మారిస్తే చాలు. రింగుల జోలికి పోమాకు."

ఆ మాటలు అలాగే రికార్డు చేసి యల్లమందకి పంపాను. సాయంత్రానికి ఫోను. డీజిల్ చిమ్మే ఆ నాజిల్ మార్చాడు, పొగ పోయింది. మేస్త్రి కాళ్ళు మొక్కాలక్కా అంటున్నాడు.

రాత్రి అన్నాల దగ్గర అల్తాఫ్‌కి చెప్పాను. రెండోసారి కూడా చెప్పాను. వాడు పప్పు కలుపుకుంటూ, "అదృష్టం," అన్నాడు. మీ నాన్న చెవిని అదృష్టమంటావా అన్నాను. ఆయన మాత్రం ఏ ఇంజను, ఎవరిది అన్నాడు. నీళ్ళ సీసా మూత పెడుతున్న ఫర్హీన్‌తో "ఇంకో అర చుట్టు" అన్నాడు. అల్తాఫ్ పని నేర్చుకునే రోజుల్లో వాడు ఏ బోల్టు బిగించినా అదే మాట. ఇప్పుడు మూతలకీ, కుళాయికీ కూడా అదే.

యాప్‌లో మూడు గడులే ఉన్నాయి. అందుకని ఈ పుస్తకం చివరి పేజీలో నేనే ఇంకో గడి గీసుకున్నాను. పైన "ఒప్పు" అని రాశాను.

సెప్టెంబరు 1, సోమవారం

యల్లమంద నలుగురికీ చెప్పాడు. వాట్సాప్‌లో అచ్చంపేట నుంచి రెండు చప్పుళ్ళు, బెల్లంకొండ వైపు నుంచి మూడు వచ్చాయి. "మేస్త్రి ఏమన్నాడక్కా?" అని కింద. మెకానిక్ ఇంటికి రావాలంటే రెండు రోజులు పట్టే ఊళ్ళు అవి.

గడిలో మూడు గీతలు.

సెప్టెంబరు 6

నాజిల్ అన్నాడు. ఒప్పే.

సెప్టెంబరు 9

అచ్చంపేట ఇంజను. నాజిల్ అన్నాడు. తీరా చూస్తే వాళ్ళ పైపు అడుగున చెత్త పట్టిందట. స్పీకరు చార్జింగు తక్కువగా ఉంది, సరిగా వినపడి ఉండదు. ఆ చప్పుడు డిలీట్ చేశాను.

సెప్టెంబరు 11, గురువారం

ఆసుపత్రి. కృపావరం పగులు మీద వేలు రాసి, టేపు బాగా అంటించారు అంది. డొక్కు సంగతి చెప్పాను. చాలా సంతోషించింది. రాసుకుంది కూడా. ఎన్నిసార్లు ఒప్పు చెప్పాడో చెప్పబోతే పెన్ను ఆపింది.

"ఆయన ఒప్పు చెప్పినప్పుడు మీ మొహం ఎట్టుంటదమ్మా?"

ఆ ప్రశ్న యాప్‌లో లేదన్నాను.

ఇంటికి వచ్చాక ఇంకో చప్పుడు. నాజిల్ అన్నాడు. ఆసుపత్రికి తిరిగి అలసిపోయాడు. డిలీట్.

సెప్టెంబరు 13

నాజిల్.

సెప్టెంబరు 14

ఈ మధ్య పది ఇంజన్లలో ఏడింటికి నాజిలే జబ్బు. ఇప్పుడొచ్చే డీజిల్ అలా ఉంది.

సెప్టెంబరు 16

ఇవాళ ఏ చప్పుడూ పెట్టలేదు. బట్టలు ఉతికాను.

సెప్టెంబరు 22, సోమవారం

యల్లమంద. మిరప నాటి వారం అయింది, వాన లేదు, మొక్కలకి తడి ఇవ్వాలి. ఇంజనులో కొత్తగా టక్ టక్‌మంటోందని చప్పుడు పంపాడు. అల్తాఫ్ ఏదో పని మీద పిడుగురాళ్ళ వెళ్ళాడు.

ఆయన పిడి చెవికి పెట్టుకున్నాడు. నేను అడగకముందే చెప్పాడు. నాజిల్ అని.

పంపాను.

సెప్టెంబరు 24

యల్లమంద ఫోను చేశాడు. నేను ఎత్తలేదు. తర్వాత అల్తాఫ్‌కి చేశాడు.

సెప్టెంబరు 25, గురువారం

అల్తాఫ్ బెల్లంకొండ వెళ్ళి చూసి వచ్చాడు. లోపల రాడ్ బేరింగు పోయి కొడుతుంటే, నాజిల్ మార్చి మళ్ళీ ఆడించారు. రాడ్ విరిగి ఇంజను పక్క గోడని తన్ని, చేయి దూరేంత బొక్క పడింది. పని నేర్చుకున్న మొదటి ఏడాదిలో కూడా ఆ టక్ టక్ విని ఎవరూ నాజిల్ అనరట. నీళ్ళు అందక అరెకరం మొక్క వాలిపోయింది.

సాయంత్రం యల్లమంద వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. వరండాలో డొక్కు పక్కన చతికిలబడి, ఆయన ఇచ్చిన నీళ్ళు తాగాడు. ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన లోపలికి వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"మేస్త్రికి తెలియదక్కా. నీకు తెలుసు గదా."

నాకు ఏం తెలుసని?

అల్తాఫ్ వేరే పనులు పక్కన పెట్టి ఆ ఇంజను చేస్తానన్నాడు. స్పీకరు తీసి ఫర్హీన్ చేతికి ఇచ్చేశాడు. ట్యాబ్ బీరువాలో పెట్టాడు. నాతో అన్నది ఒకటే, "ఇక గడియ వెయ్యమ్మా."

సెప్టెంబరు 26

గడియ వేశాను.

సెప్టెంబరు 27

గడియ వేశాను. అన్నానికి తీశాను. వరండాలోకి వచ్చి డొక్కు మీద స్క్రూడ్రైవర్ ఆనించి కూర్చున్నాడు. "ఏందే, ఇంజను ఆపారు?" అన్నాడు. అన్నం అయ్యాక మళ్ళీ వేశాను.

సెప్టెంబరు 28

గడియ.

ఇప్పుడు వాన పడుతోంది. వారం ముందు పడి ఉంటే.

సెప్టెంబరు 30

చివరి పేజీలో గీతలు లెక్కపెట్టాను. పదకొండు. డిలీట్ చేసినవి పద్నాలుగు. వాటికి గడి గీయలేదు కానీ నాకు గుర్తుంది. ఒక్కొక్కటీ ఏ ఊరిదో కూడా గుర్తుంది.

నాకు తెలుసు.

అక్టోబరు 1, బుధవారం

పొద్దున పదిన్నర. గడియ వేసి వరండాలో బియ్యం ఏరుతున్నాను. లోపల తలుపు తట్టాడు. నెమ్మదిగా, పరాయి ఇంటి తలుపు తట్టినట్టు.

"ఎవరమ్మా బయట?"

నేనే అన్నాను.

"బయట గడియ పడిందమ్మా. తెలియక వేసుంటారు. జమీలాని పిలువు, వచ్చి తీస్తది."

బియ్యం చేట పక్కన పెట్టాను. గడియ తీశాను. ఆయన నా మొహం చూసి, తీసినందుకు తల ఊపి, నా వెనక జమీలా కోసం చూశాడు.

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాను. ఎవరికీ ఇవ్వనిది ఇచ్చాడు. గడియ స్క్రూలు నాలుగూ విప్పాను. నాకు అలవాటు లేని పని, అయినా ఎంతోసేపు పట్టలేదు. రెండు స్క్రూలు వేళ్ళతోనే ఊడి వచ్చాయి. కర్ర మెత్తబడింది. ఆయన మొదటి రోజే చెప్పాడు.

గడియ తీసుకెళ్ళి అల్తాఫ్ పళ్ళెం పక్కన పెట్టాను. మధ్యాహ్నం వచ్చి చూశాడు. తిన్నాడు. వెళ్ళాడు. గడియ పళ్ళెం పక్కనే వదిలేశాడు.

అక్టోబరు 2

దసరా. ఆసుపత్రి గురువారం సెలవు. షెడ్డు ముందు బళ్ళన్నీ కడిగి దండలు వేసుకొచ్చి నిమ్మకాయలు తొక్కించుకుంటారు, అల్తాఫ్‌కి తీరిక ఉండదు.

షెడ్డుకి రేపు కాదు, ఎల్లుండి.

అక్టోబరు 4, శనివారం

పది గంటలకి ఆయన చేయి పట్టుకుని పల్నాడు రోడ్డు దాటించి షెడ్డుకి తీసుకెళ్ళాను. చంకలో రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు. ఉత్త దిమ్మె పక్కన వేసి కూర్చున్నాం. ఇంటి నుంచి తెచ్చిన ఒక చిన్న తొట్టిలో డీజిల్ పోసి, పాత నట్లు, పనికిరాని నాజిళ్ళు వేసి ఆయన ముందు పెట్టాను. ఆయన కడగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి కడిగి, గుడ్డతో తుడిచి, సైజు ప్రకారం పేర్చాడు. ఎదురుగా విప్పి పెట్టిన బండి వైపు ఒకసారి లేచాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఇంకోసారి లేచాడు. ఇంకోసారి పట్టుకున్నాను. అదే నా పని.

అల్తాఫ్ మమ్మల్ని చుట్టి నడిచాడు.

అక్టోబరు 5

వెళ్ళాం. ఆదివారం, షెడ్డు ఒంటిపూట. వచ్చినవాళ్ళు "ఏం మేస్త్రీ, బాగున్నావా" అన్నారు. "బండి పక్కన పెట్టు" అన్నాడు అందరితో. అదే జవాబు. ఎవరికీ ఇబ్బంది కాలేదు.

అక్టోబరు 6, సోమవారం

వెళ్ళాం. ఒక రైతు పవర్ స్ప్రేయరు తెచ్చాడు. ఆయన దాని చప్పుడు విని నాజిల్ అన్నాడు. స్ప్రేయరు ఆసామి అల్తాఫ్ వైపు చూశాడు. అల్తాఫ్ మొహం ఎర్రబడింది. ఆసామి వెళ్ళాక నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు.

"తప్పు చెప్తాడమ్మా. అందరి ముందూ చెప్తాడు. యల్లమంద సంగతి చూశావుగా."

"చూశా. చెప్పింది ఆయన. తప్పని తెలిసీ పంపింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు."

వాడు తిట్టలేదు.

"నువ్వు పని నేర్చుకునేటప్పుడు ఆ సీటు పక్కన నిలబడి ఎన్ని ఇంజన్లకి తప్పు చెప్పావురా? నిన్ను గదిలో పెట్టి గడియ వేశాడా?"

"నేను అప్పుడు నేర్చుకుంటన్నా. ఆయన మర్చిపోతన్నాడు."

"అయితే మర్చిపోయిందాకా కూర్చోనీ."

వాడు చేతులు తుడుచుకునే గుడ్డని చాలాసేపు మడతపెట్టాడు. తర్వాత పనిలోకి వెళ్ళాడు.

రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు ఫర్హీన్ పక్కకి వచ్చింది. "అత్తా, నేను చెప్పానని అనొద్దు. సీటు పాత ఇనుముకి వెయ్యలేదు. మా మంచం కింద ఉంది. గోతం చుట్టి పెట్టాడు."

అక్టోబరు 9, గురువారం

ఆసుపత్రి. కృపావరానికి అంతా చెప్పాను. పదకొండూ, పద్నాలుగూ రెండూ చెప్పాను. తిడితే పడాలని వెళ్ళాను. ఆమె ట్యాబ్ తీసుకుని, "ఆపిల్లు తీసేద్దామా?" అంది.

తీసేయవచ్చని నాకు తెలియదు. మన ఫోటోలు, మన చప్పుళ్ళు మనమే పెట్టుకోవచ్చు. అడిగే ఆడగొంతు కూడా ఆపేయవచ్చు. ఇద్దరం కూర్చుని పెట్టాం. షెడ్డు షట్టరు ఫోటో, నొక్కితే అది పైకి లేచే చప్పుడు. హ్యాండిల్ తిప్పే చప్పుడు. నా ఫోనులో మిగిలిన ఇంజన్లు. ఆయన చనిపోయిన తమ్ముడి ఫోటో పెట్టమంటారా అంది. వద్దన్నాను. ఆయన ఇప్పుడు పోయినవాళ్ళందరితోనూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఫోటో చూస్తే పోయారని గుర్తొస్తుంది.

"పోయిన నెల మీ మొహం గురించి అడిగాను. కోపం వచ్చింది మీకు," అంది లేచేటప్పుడు.

వచ్చిందన్నాను.

ఇంటికి వచ్చి ఈ పుస్తకం చివరి పేజీ చించలేదు. "ఒప్పు" అన్న మాట మాత్రం కొట్టేశాను. దాని బదులు ఇంకేమీ రాయలేదు.

అక్టోబరు 12, ఆదివారం

యల్లమంద ఇంజను నిన్న తయారైంది. అల్తాఫ్ పగిలిన గుల్ల బదులు వేరే బ్లాకు వెతికి తెచ్చి వేశాడు. వాలిన అరెకరంలో మళ్ళీ నాటుతున్నారట. యల్లమంద నుంచి ఒక చప్పుడు వచ్చింది, కింద ఏ ప్రశ్నా లేదు. ఫోను చేశాను. ఎత్తుతాడనుకోలేదు. ఎత్తాడు.

తప్పు నాదన్నాను. తెలుసక్కా అన్నాడు.

"బాగానే ఆడతంది. ఊరికే పంపా. మేస్త్రి వింటాడని."

ఫర్హీన్‌ని అడిగి డొక్కులో మళ్ళీ స్పీకరు పెట్టాను. ఆయన పీట లాక్కున్నాడు. పిడి చెవికి. బాగున్న ఇంజను, ఒక్క తేడా లేకుండా ఆడుతోంది. ఇరవై నిమిషాలు విన్నాడు. చేతి వేళ్ళు మోకాలి మీద దానితో పాటు కదిలాయి.

"నాజిల్," అన్నాడు.

సరే అన్నాను. ఎవరికీ పంపలేదు. డిలీట్ చేయలేదు.

అక్టోబరు 14, మంగళవారం

పది గంటలకి మామూలుగా షెడ్డుకి వెళ్ళాం. స్టూళ్ళు వేయబోతే అల్తాఫ్ ఆగమన్నాడు. లోపల్నుంచి గోతం చుట్టిన సీటు తెచ్చాడు. నేను తెలియనట్టే చూశాను. ఫర్హీన్‌కి మాట ఇచ్చాను.

దిమ్మె మీద పెట్టి, నాలుగు బోల్టులూ చేత్తో తిప్పి, స్పానరుతో బిగించడం మొదలుపెట్టాడు. కొత్త బోల్టులు. ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. నాలుగోది బిగిస్తుండగా వంగి, స్క్రూడ్రైవర్ మొన సీటు ఇనుము మీద పెట్టి, పిడి చెవికి ఆనించాడు. రోడ్డు మీద ఒక పత్తి లారీ పోయింది. అది పోయిందాకా ఆగాడు.

"ఇంకో అర చుట్టు," అన్నాడు.

బోల్టు బిగిసిపోయి ఉంది. ఇక తిరగదని నాకే తెలుస్తోంది. అల్తాఫ్ తలెత్తి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

వాడు స్పానరు మళ్ళీ పెట్టాడు.